నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు

పైపుల కొట్టాయన నాలుగంగుళాల పీవీసీ పైపు నుంచి రెండంగుళాల ముక్క కోసి ఇవ్వడానికి మొదట ఒప్పుకోలేదు. "పైపులు అమ్ముతాం సార్, ముక్కలు అమ్మం" అన్నాడు. డ్రైనేజీకి వాడే పైపు ముక్కతో మీకేం పని అని కూడా అడిగాడు. సూర్యగ్రహణం ఫొటో తీయాలి, లెన్సుకి తొడుగు చేసుకోవాలి అన్నాను. నా ముఖం ఒకసారి చూసి లోపలికెళ్ళి, ఎక్కడో మూల పడివున్న తుక్కు ముక్క తెచ్చి డబ్బులు తీసుకోకుండా చేతిలో పెట్టాడు. "అయినా ఈ గ్రహణం మనకు లేదు కద సార్, పంచాంగంలో రాయలేదు" అని మాత్రం గుర్తుచేశాడు.

నిజమే, మనకు లేదు. 2024 ఏప్రిల్ 8 నాటి సంపూర్ణ గ్రహణం తాలూకు నీడ పసిఫిక్ సముద్రం మీంచి వచ్చి మెక్సికోలో మసాట్లాన్ దగ్గర నేలెక్కి, టెక్సాస్‌ను ఏటవాలుగా కోసుకుంటూ ఆర్కాన్సా, ఇండియానా, ఒహాయో, న్యూయార్క్ రాష్ట్రాల మీదుగా కెనడా దాటి అట్లాంటిక్‌లో దిగిపోయేది. ఆ దారిలో డాలస్ ఉంది. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మా అక్క కొడుకు ఉన్నాడు. నాకు ఇంతకన్నా సాకు అక్కర్లేదు.

మనకు ఉన్నప్పుడు నేను చూడలేదు. అది 1980 ఫిబ్రవరి 16, శనివారం. నాకు తొమ్మిదేళ్ళు. మా నల్లగొండ సరిగ్గా నీడ దారిలో ఉంది. అమ్మ పొద్దున్నుంచే కిటికీలకి పాత చీరలు కట్టి, తలుపు సందుల్లో గోనెపట్టా కుక్కింది. మధ్యాహ్నం మూడున్నర దాటాక ఇల్లంతా చీకటి పడింది. కొయ్యకి వేలాడుతున్న నాన్న చొక్కా కనిపించకుండా పోయింది. వీధిలో ఒక కుక్క మొరిగి ఊరుకుంది. నా సంపూర్ణ సూర్యగ్రహణం అంతే: ఒక చొక్కా, ఒక కుక్క. అదే గడియలో మాకు ఎంతో దూరం లేని జపాల్-రంగాపూర్‌లో, ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ళ వేధశాల దగ్గర శాస్త్రజ్ఞులు టెలిస్కోపులు ఎక్కుపెట్టుకుని కూర్చున్నారని పెద్దయ్యాక చదివి పళ్ళు కొరుక్కున్నాను.

పైపు ముక్క సంగతి చెప్పాలి. సూర్యుడి వైపు లెన్సు తిప్పాలంటే ముందు తొడుగు కావాలి. దానికి వాడే ఫిల్ము చూడ్డానికి చాక్లెట్ మీది వెండికాగితంలా ఉంటుంది. నేను తెప్పించుకున్న బాడర్ వాళ్ళ ఫిల్ము సాంద్రత 5, అంటే లక్ష వంతుల వెలుగులో ఒక్క వంతునే లోపలికి రానిస్తుంది. దీన్ని లెన్సు ముందే పెట్టాలి. వెనక, కంటి దగ్గర పెడితే లెన్సు పోగేసిన వేడంతా దాని మీదే పడుతుంది. ఫిల్ము కాలుతుంది, ఆ వెంటనే కన్ను. మన ఇళ్ళల్లో ఎక్స్‌రే ఫిల్ము, మసి పట్టించిన గాజుపలక అడ్డం పెట్టుకుని చూడటం అలవాటు. అవి మిరుమిట్లు తగ్గిస్తాయి గానీ కంటికి కనబడని కిరణాల్ని ఆపవు. కన్ను నొప్పి కూడా చెప్పదు, రెటీనాకి నొప్పి తెలియదు.

ఆ వెండికాగితాన్ని బిగించి అతికించకూడదు. తబలా చర్మంలా లాగి కడితే బొమ్మ చెదురుతుంది. కాస్త వదులుగా, ముడతలు పడ్డట్టు ఉంటేనే మంచిది. ఈ మాట నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. రెండు వారాలు రెండు రకాలుగా చేసి చూసుకుని ఒప్పుకున్నాను. పైపు ముక్క అంచుకి ఫిల్ము అతికించి, లోపల మా ఆవిడ పాత వెల్వెట్ జాకెట్టు ముక్క చుట్టూ అంటించాను. లెన్సు మూతి మీద పెడితే గాలికి ఊడకూడదు. రెండు వేళ్ళతో లాగితే లెన్సు కదలకుండా రావాలి. ఈ రెండిటి మధ్య బిగువు కుదరడానికి మూడు జాకెట్లు అయ్యాయి.

గ్రహణం ఫొటోల మీద పుస్తకాలన్నీ కెమెరా గురించే చెబుతాయి. నాకు అర్థమైందేమిటంటే, అందులో సాధన చేయాల్సినవి చేతులు. సంపూర్ణ గ్రహణానికి అర నిమిషం ముందు తొడుగు తీయాలి. అయ్యాక మళ్ళీ పెట్టాలి. మధ్యలో ఉన్నది నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. ఆ కాస్త సమయంలో బుర్ర పనిచేయదని వెళ్ళొచ్చిన వాళ్ళంతా చెప్పారు. కాబట్టి బుర్ర లేకుండా కూడా చేతులు పనిచేయాలి.

అందుకని మార్చి నెలంతా మా మేడ మీద కసరత్తు. డాలస్ దగ్గర ఆ గడియకి సూర్యుడు దాదాపు 65 డిగ్రీల ఎత్తున ఉంటాడు, నడినెత్తికి కాస్త కింద. హైదరాబాద్‌లో మార్చి మధ్యలో పదకొండున్నర ప్రాంతంలో సూర్యుడు దాదాపు అంత ఎత్తుకి వస్తాడు. మొదటి రోజే కథ అడ్డం తిరిగింది. ఆరు వందల మిల్లీమీటర్ల జూమ్ లెన్సు దగ్గర దగ్గర రెండు కిలోలు. దాన్ని అంత ఎత్తుకి లేపితే కెమెరా వెనక భాగం ట్రైపాడ్ కాలికి తగులుతోంది. తెర చూడాలంటే నేను మోకాళ్ళ మీద కూర్చుని మెడ వెనక్కి విరుచుకోవాలి. అదీ చాలదని, బరువుకి జూమ్ గొట్టం నెమ్మదిగా లోపలికి జారిపోతోంది. 600 అనుకుని తీసింది చూస్తే 540. ఇలాంటివి ఏ పుస్తకంలోనూ ఉండవు, మిట్ట మధ్యాహ్నం మేడ మీద తెలుస్తాయి. జూమ్‌కి తాళం వేసి, పైన బట్ట టేపు చుట్టాను. ట్రైపాడ్ నడిమి కాలు ఎత్తి కెమెరాకి చోటు చేశాను. కూర్చోడానికి వంటింట్లోంచి ముక్కాలిపీట తెచ్చుకున్నాను. దాన్నే పెట్టెలో పెట్టి టెక్సాస్ తీసుకెళ్ళానంటే ఇప్పటికీ ఇంట్లో నవ్వుతారు.

పక్కింటి పెద్దమ్మ బట్టలు ఆరేస్తూ రోజూ చూసేది. "ఏం దించుతున్నవ్ బిడ్డా ఎండల?" అని ఒకరోజు అడిగింది. సూర్యుణ్ణి అన్నాను. "రేపు రాడా?" అంది. ఆమె మాటలో న్యాయముంది. నేను ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

ఫోకస్ ఇంకో పెద్ద పని. లెన్సు మీద అనంతం గుర్తు ఉంటుంది కదా, అక్కడ పెట్టేస్తే సరి అనుకుంటాం. ఆ గుర్తు దగ్గర బొమ్మ సరిగ్గా రాదు. ఎండకి లెన్సు వేడెక్కి లోపలి లోహం సాగితే ఫోకస్ ఇంకా జరుగుతుంది. పొద్దున పెట్టింది మధ్యాహ్నానికి పనికిరాదు. సూర్యుడి అంచునో, మచ్చ ఉంటే మచ్చనో తెర మీద పది రెట్లు పెంచి చూసి పెట్టాలి, ఆటోఫోకస్ ఆపెయ్యాలి, చెయ్యి తగిలినా కదలకుండా టేపు వెయ్యాలి. లెన్సు లోపల కుదుపు తగ్గించే ఏర్పాటు ఉంటుంది, ట్రైపాడ్ మీద అది లేని కుదుపుని వెతుక్కుంటుంది కాబట్టి దాన్నీ ఆపాలి.

సెన్సర్ మీద సూర్యుడు ఎంత పెద్దగా పడతాడో చెప్పే చిన్న లెక్కుంది. ఫోకల్ లెంగ్త్‌ని సుమారు 110తో భాగించాలి. ఆరు వందల లెన్సుకి ఐదున్నర మిల్లీమీటర్లు, పెసరగింజంత. ఇరవై నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున్న సెన్సర్‌కి ఇది చిన్నదనిపిస్తుంది గానీ, సంపూర్ణంలో సూర్యుడి చుట్టూ విచ్చుకునే కరోనాకి ఆ చోటంతా కావాలి. కరోనా అన్న మాట ఇప్పుడు మనకి జబ్బు పేరుగా మిగిలిపోయింది, పాపం. దాని అర్థం కిరీటం.

ఆ కిరీటంతో చిక్కేమిటంటే, సూర్యుడి అంచు దగ్గర ఉన్న వెలుగుకీ బయటి రేకల వెలుగుకీ పొంతన లేదు. ఒక్క ఎక్స్‌పోజర్‌లో రెండూ పట్టవు. ఎఫ్/8, ఐఎస్ఓ 100 పెట్టుకుంటే అంచున లేచే ఎర్రటి జ్వాలలకి సెకనులో 800వ వంతు చాలు. కిరీటం బయటి రేకలకి సెకనులో మూడో వంతు కావాలి. అందుకే ఒక్కో దఫాకి ఐదు ఫొటోలు: 1/800, 1/200, 1/50, 1/12, 1/3. కెమెరాలోని బ్రాకెటింగ్ ఆ ఐదూ తనే తీస్తుంది. ల్యాప్‌టాప్‌కి తగిలించి సెకన్ల లెక్కన అంతా దానికే ఒప్పజెప్పే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, చాలామంది వాడతారు. నాకు ధైర్యం చాల్లేదు. పొలంలో ల్యాప్‌టాప్ అప్‌డేట్ అడిగితే ఎవరితో చెప్పుకోను?

వీడియో కోసం రెండో కెమెరా, మూడోది ఫోన్. ఫోన్ ఆకాశాన్ని తీయదు. వెడల్పు లెన్సు పెట్టి, ఎక్స్‌పోజర్ తాళం వేసి, మనుషుల్నీ దిగంతాన్నీ తీయాలి. తాళం వేయకపోతే చీకటి పడేకొద్దీ ఫోన్ తెలివి చూపించి వెలుగు పెంచేస్తుంది, చీకటే లేకుండా పోతుంది.

గ్రహణాన్ని సినిమాగా తీయాలనే పిచ్చి మొదట పట్టినవాళ్ళలో నెవిల్ మాస్కెలైన్ ఒకడు. ఇంగ్లండులో పేరున్న గారడీవాడు. సినిమా కెమెరాకి టెలిస్కోపు తగిలించే ఏర్పాటు తనే చేసుకుని, 1898 జనవరి గ్రహణానికి మన దేశం వచ్చాడు. తీశాడు కూడా. తిరుగు ప్రయాణంలో ఆ ఫిల్ము డబ్బా దొంగలపాలైంది. వస్తువుల్ని మాయం చేయడం వృత్తిగా బతికినవాడి డబ్బా మాయమైంది! ఊరుకోకుండా 1900 మే 28న అమెరికాలో నార్త్ కరోలినా వెళ్ళి మళ్ళీ తీశాడు. అది దొరికింది, 2019లో బాగుచేసి అందరికీ చూపించారు. ఇప్పుడు మనకి మిగిలివున్న ఖగోళ చలనచిత్రాల్లో అదే అతి పాతదంటారు. ఆ కథ చదివాకనే మెమరీ కార్డులు పెట్టె బదులు చొక్కా లోపలి జేబులో పెట్టుకోవాలని నిర్ణయించుకున్నాను.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. విమానాల్లో కూర్చున్న మనిషికి చెప్పడానికేం ఉంటుంది. విడి బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలన్నది రూలు. కెమెరాలు, లెన్సు సరే సరి. ట్రైపాడ్, ముక్కాలిపీట పెద్ద పెట్టెలో వేశాను. భద్రతా తనిఖీలో పైపు ముక్క బయటికి తీశారు. వెండికాగితం అంటించిన ప్లాస్టిక్ గొట్టం, లోపల మెరూన్ వెల్వెట్. ఒక అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి "ఇదేంటి?" అన్నాడు. చెప్పాను. దాన్ని కంటికి అడ్డం పెట్టుకుని సీలింగ్ లైట్ వైపు చూసి "ఏమీ కనబడట్లేదు" అన్నాడు. కనబడకూడదండీ అన్నాను. వేలు ఫిల్ముకి తగిలిందేమోనన్న దిగులుతో పద్నాలుగు గంటలు నిద్రపట్టలేదు. దిగాక మా వాడి బాత్రూమ్ బల్బుకి అడ్డం పెట్టి ఎక్కడైనా సూది బెజ్జాలున్నాయేమోనని వెతికాను. లేవు.

ఇర్వింగ్‌లో ఇంటి తలుపు తీయగానే పప్పుచారు వాసన. వారం రోజుల్లో నాకు అమెరికా కనిపించింది తక్కువ. మావాడి భార్య గుంటూరు పిల్ల. గ్రహణం రోజుకి ఏం వండాలి, ఎప్పటికి తినాలి అని వాళ్ళమ్మతో ఫోన్లో మంతనాలు. ఇటు నల్లగొండ నుంచి మా అక్క నా పెట్టెలోనే దర్భపోచలు చుట్టి పంపింది, పచ్చళ్ళ మీద వేయమని. "గ్రహణం పట్టినంక ఇంట్ల కూసోవాలె గానీ, దాన్ని ఎతుక్కుంట గంత దూరం పోతవార్ర ఎవలన్న?" అని వీడియో కాల్‌లో నన్ను తిట్టింది. కోడలుపిల్ల ఆవకాయ జాడీ మీద ఒక పోచ వేసి, మిగిలినవాటిలో ఒకటి తెచ్చి నా కెమెరా సంచిలో పెట్టింది. "ఉండనివ్వండి మామయ్యగారూ, పెద్దావిడ పంపారు" అంది. ఉండనిచ్చాను.

గుంటూరు అన్నాక ఒక సంగతి చెప్పకుండా ఉండలేను, ఆ పిల్లకీ అదే చెప్పాను. 1868 ఆగస్టు 18 గ్రహణం నీడ పడమటి తీరం నుంచి గుంటూరు, మచిలీపట్నం మీదుగా బంగాళాఖాతంలోకి వెళ్ళింది. దాని కోసం ఫ్రాన్సు నుంచి జాన్సెన్, బ్రిటిష్ సైన్యానికి చెందిన మేజర్ టెనెంట్ గుంటూరు వచ్చి మకాం వేశారు. మద్రాసు వేధశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి నిజాం ఇలాకాలోని వనపర్తికి ఒక బృందాన్ని తీసుకెళ్ళారు. ఆ గ్రహణంలో జ్వాలల వెలుగుని విడగొట్టి చూసిన గీతల్లో, మర్నాడు జాన్సెన్ గ్రహణం లేకుండానే వాటిని చూడగలగడంలో ఉంది హీలియం కథకి మొదలు. భూమ్మీద ఆ వాయువు దొరకడానికి 1895 దాకా ఆగాల్సి వచ్చింది.

నాకు ఆసక్తి టెనెంట్ మీద. ఆయన ఫొటోలు తీశాడు, తొమ్మిదంగుళాల అద్దపు టెలిస్కోపుతో. అప్పటికి ఫిల్ము లేదు. గాజుపలక మీద కొలోడియన్ పోసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే టెలిస్కోపులో పెట్టి తీసి, తడి ఆరకముందే చీకటి గుడారంలో కడగాలి. ఆగస్టు గుంటూరు ఎండలో! సంపూర్ణం ఐదు నిమిషాలు దాటి ఉన్నా ఆయన తీయగలిగింది ఆరు పలకలు. పలక అందించేవాడు ఒకడు, మూత తీసేవాడు ఒకడు, సెకన్లు లెక్కపెట్టేవాడు ఒకడు ఉండివుంటారు. వాళ్ళెన్నిసార్లు కసరత్తు చేసివుంటారో ఊహించుకుంటే నా మేడ కసరత్తు పిల్లలాట. "మా ఊళ్ళో ఇదంతా జరిగిందా? మాకు స్కూల్లో చెప్పలేదే" అంది కోడలు. మాకూ చెప్పలేదు.

సూర్యుడు ఆకాశంలో తన వెడల్పంత దూరం జరగడానికి రెండు నిమిషాలు పడుతుంది. అంటే సంపూర్ణం అయ్యేలోపు రెండు సూర్యులంత పక్కకి జరిగిపోతాడు. అందుకని భూమి తిరిగే వేగానికి ఎదురు తిరిగే చిన్న ట్రాకర్ ఒకటి తీసుకెళ్ళాను. దాని ఇరుసు ధ్రువనక్షత్రం వైపు చూడాలి. హైదరాబాద్‌లో ధ్రువుడు 17 డిగ్రీల ఎత్తులో, ఇళ్ళ వెనక దాక్కుని ఉంటాడు. టెక్సాస్‌లో 32 డిగ్రీలు. ముందురోజు రాత్రి పెరట్లో సరిచూసుకుందామంటే ఆకాశం నిండా మబ్బు. ఇక దిక్సూచే దిక్కు. దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ అక్కడ రెండు డిగ్రీల పైచిలుకు తేడా. మా మనవడు, పదకొండేళ్ళవాడు, ఫోన్లో ఆ లెక్క తీసి చెప్పాడు. "తాతా, నార్త్ కూడా రాంగేనా?" అన్నాడు. ఒక్కోచోట ఒక్కో తప్పు నాన్నా అన్నాను.

మబ్బుల సంగతి నన్ను నిజంగా తినేసింది. ఏళ్ళ తరబడి లెక్కలన్నీ చూసి, ఏప్రిల్‌లో మబ్బులు తక్కువ ఉండేది దక్షిణాన అని జనమంతా టెక్సాస్ వచ్చారు. తీరా వారం ముందు నుంచి వాతావరణ సూచనలు తిరగబడ్డాయి. పైన న్యూయార్క్ దాటి వెర్మాంట్, మెయిన్ వైపు తెరిపి, మాకు మబ్బు. మావాడు రాత్రి పది గంటలకి "మామా, ఆర్కాన్సాకి పోదామా? ఐదు గంటల డ్రైవ్" అన్నాడు. నేను సరే అనబోయి ఆగాను. అందరూ అదే అనుకుంటారు, రోడ్లు నిండుతాయి. ఎక్కడ నిలబడాలో ముందే అనుకున్నాం, అక్కడే నిలబడదాం అన్నాను. ఇది ధైర్యం కాదు, ముసలితనం.

డాలస్ ఊళ్ళోనూ సంపూర్ణమే, నాలుగు నిమిషాలకి కాస్త తక్కువ. ఇంకో అర నిమిషం కోసం మేము దక్షిణాన ఎన్నిస్ వెళ్ళాం, నీడ నడిమి గీత దగ్గరికి. పొద్దున ఐదింటికి బయల్దేరి ఏడుకి ముందే చేరాం. ఎన్నిస్ రైల్వే ఊరు. ఏప్రిల్‌లో ఆ చుట్టుపక్కల రోడ్ల వెంట బ్లూబానెట్ పూలు విరగబూస్తాయి, నేల మీద ఎవరో నీలం అద్దకం వేసినట్టు. ఒక రైతు తన పచ్చికబీడు పార్కింగ్‌కి అద్దెకి ఇచ్చాడు. కార్ల మధ్య మడతకుర్చీలు, ఐస్‌పెట్టెలు, కుక్కలు. మన జాతరే. జెయింట్ వీల్ లేదంతే.

పొద్దున పది దాకా ఆకాశం బూడిద రంగు. పదకొండుకి కింది మబ్బు విరిగింది, పైన పలచటి తెర ఒకటి మిగిలింది. ట్రైపాడ్ కాళ్ళ కింద పచ్చిక మెత్తగా ఉంటే మావాడి కారులోంచి చెక్కముక్కలు తెచ్చి పెట్టాం. ఇరుసు 32 డిగ్రీలకి మార్చాను. ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. 12:23కి కుడివైపు కింద అంచున చిన్న కొరుకు. పట్టు మొదలైంది. చంద్రుడి అంచు కత్తిలా స్పష్టంగా ఉంది, దాని మీదే ఫోకస్ మళ్ళీ పెట్టుకుని టేపు వేశాను.

ఒంటిగంటన్నరకి వెలుగు మారింది. సాయంత్రంలా కాదు. సాయంత్రం వెలుగు పచ్చబడుతుంది, నీడలు సాగుతాయి. ఇక్కడ నీడలు పొట్టిగానే ఉండి అంచులు మరీ పదునెక్కాయి. నా చేతి వెంట్రుకల నీడ విడివిడిగా కనబడింది. గాలి చల్లబడింది. గ్రాకిల్ పక్షులు గుంపుగా కరెంటు తీగల మీద చేరి గోల మొదలుపెట్టాయి. మనవడు ఫోన్ చూస్తూ సెకన్లు చదువుతున్నాడు. ముప్ఫై అనగానే నా రెండు వేళ్ళు పైపు ముక్కని లాగాయి. లెన్సు కదల్లేదు. మీట నొక్కాను. 1:40. సూర్యుడి చివరి చుక్క ఉంగరం మీద వజ్రంలా ఒక్క క్షణం ఆగి ఆరిపోయింది.

ఆకాశంలో రంధ్రం పడింది. దాని చుట్టూ తెల్లటి దూది రేకలు అన్ని వైపులకీ. సూర్యుడు చురుగ్గా ఉండే కాలం కాబట్టి కిరీటం రెండు పక్కలకి లాగినట్టు కాకుండా గుండ్రంగా విచ్చుకుంది. కింది అంచున, గడియారంలో ఆరు ఉండే చోట, దానిమ్మగింజ రంగులో ఒక చుక్క వట్టి కంటికే కనిపించింది. అది జ్వాల. కుడి పక్కన శుక్రుడు, ఎడమ వైపు పైన బృహస్పతి. దిగంతం చుట్టూ నారింజ రంగు. పైన పలచటి మబ్బుంది, నాకు గుర్తు రాలేదు. కెమెరా దానంతట అది టకటకమంటోంది, ఐదేసి.

అప్పుడు మనవడు అరిచాడు: "తాతా, ఆ డబ్బా! ఆ డబ్బా!"

వీడియో కెమెరాకి తొడుగు తీయలేదు. మేడ మీద ముప్ఫై సార్లు తీసింది పెద్ద లెన్సు తొడుగే. రెండోదానికి ఏముందిలే అనుకుని ఒక్కసారి కూడా సాధన చేయలేదు. పరిగెత్తి లాగేసరికి యాభై సెకన్లు పోయాయి. దాని తర్వాత నేను కెమెరాల వైపు చూడలేదు. మా కోడలు రెండు చేతులూ జోడించి నిలబడింది. మావాడు నోరు తెరుచుకుని ఉన్నాడు. పక్క కారు ముసలాయన టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు.

1:44కి మళ్ళీ వజ్రం వెలిగింది. ఊరంతా ఈల వేసింది. తొడుగులు పెట్టాం, ఈసారి రెండూ.

రాత్రి ఇంటికొచ్చి కార్డులు కంప్యూటర్‌లోకి దించాను. సంపూర్ణంలో 145 ఫొటోలు వచ్చాయి. అందులో మంచివి పదకొండు. మబ్బు వల్ల బయటి రేకలు కాస్త మసకబారాయి. దానిమ్మగింజ చుక్క మాత్రం 1/800లో చక్కగా వచ్చింది. వీడియోలో మొదటి యాభై సెకన్లు నలుపు. ఆ నలుపులో పక్షుల గోల, ఒక కుక్క అరుపు, కోడలు "అమ్మో అమ్మో" అనడం, మనవడి "డబ్బా" కేక ఉన్నాయి. అది చెరిపెయ్యమని మావాడు అన్నాడు. చెరపలేదు.

ఇలా వెళ్ళాలనుకునే వాళ్ళకి ఒక మాట. 2026 ఆగస్టు 12న స్పెయిన్‌లో, 2027 ఆగస్టు 2న ఈజిప్టులో సంపూర్ణ గ్రహణాలున్నాయి. లక్సర్ దగ్గర ఆరు నిమిషాలు దాటుతుంది. ఎన్ని కెమెరాలు తీసుకెళ్తే అన్ని తొడుగులూ తీసి పెట్టడం సాధన చేయండి. చెయ్యలేకపోతే ఒక్క కెమెరాతో వెళ్ళండి. అదీ వద్దనుకుంటే కళ్ళద్దాలు చాలు, ఐఎస్ఓ 12312-2 అని ముద్ర ఉన్నవి.

నా నోట్‌బుక్‌లో నలభై మూడు పనుల జాబితా ఉండేది, అన్నిటికీ టిక్కులు పెట్టాను. జాబితాలోనే లేనిది ఒకటి మిగిలిపోయింది: కెమెరా గడియారాన్ని అమెరికా టైముకి మార్చలేదు. అందుకే నా మొదటి సంపూర్ణ గ్రహణం ఫొటో మీద 2024 ఏప్రిల్ 9, అర్ధరాత్రి 12 గంటల 10 నిమిషాలు అని ఉంది. నల్లగొండలో అప్పటికి ఉగాది వచ్చేసింది.